పిండం పోయింది మ్యుటేషన్ వల్లా, మన డిష్ వల్లా? మైస్ ఎంబ్రియో కల్చర్ మొదలుపెట్టేవాళ్ళకి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల బయోటెక్, జువాలజీ, వెటర్నరీ చదివే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఒక జీన్‌లో ఒక కాపీ పాడైన మగ ఎలుకని, అలాంటిదే ఆడ ఎలుకని కలిపాం, లెక్క ప్రకారం పుట్టినవాటిలో నాలుగోవంతు రెండు కాపీలూ పాడైనవి ఉండాలి కదా, ఒక్కటి కూడా లేదేంటండీ అని. లేవంటే అవి కడుపులోనే పోయాయి. ఇదేమీ అరుదు కాదు, మైస్‌లో, అంటే ఈ ల్యాబ్ చిట్టెలుకల్లో, ఒక్కో జీన్‌నీ తీసేసి చూసే అంతర్జాతీయ కన్సార్షియం 2016లో ఇచ్చిన లెక్కలో 1,751 జీన్లకి 410 తీసేస్తే పిల్ల బతకలేదు. సరే పోయింది, మరి ఎప్పుడు పోయింది, ఎక్కడ ఆగింది, ఏ కణాలు ముందు దెబ్బతిన్నాయి అన్నది తల్లి కడుపులో ఉండగా చూడలేం కాబట్టే పిండాల్ని బయటికి తీసి డిష్‌లో పెంచి చూస్తాం. గర్భసంచికి అతుక్కోకముందు దశ వరకు, అంటే మొదటి నాలుగు నాలుగున్నర రోజులు, మైస్ పిండం తల్లి లేకుండానే డిష్‌లో చక్కగా పెరుగుతుంది, ఈ పద్ధతికి ఆధారం అదే.

కానీ తిరకాసు ఏంటంటే, పిండం డిష్‌లో చచ్చిపోవడానికి మ్యుటేషనే ఉండక్కర్లేదు. పిండం ఉన్న చుక్క మీద పోసే నూనె పాతబడినా, సీఓటూ తగ్గినా, రూమ్‌లో ఫినాయిల్ వాసన ఉన్నా చచ్చిపోతుంది. అందుకని నేను ఎవరికి చెప్పినా మొదట చెప్పేది ఒకటే, మ్యుటెంట్‌ని, అంటే రెండు కాపీలూ పాడైనదాన్ని, ముట్టుకోకముందు మామూలు పిండాలు మీ డిష్‌లో బతుకుతున్నాయని రుజువు చేసుకోండి. మిగతాదంతా దాని తర్వాతే.

ముందు కాగితాల పని. జంతువులతో ప్రయోగం అంటే కాలేజీ యానిమల్ హౌస్‌కి జంతు ప్రయోగాల మీద నిఘా ఉంచే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, పాతవాళ్ళు ఇంకా సీపీసీఎస్ఈఏ అనే అంటారు, రెండూ ఒకటే. మీ ప్రయోగానికి ఇన్‌స్టిట్యూషనల్ యానిమల్ ఎథిక్స్ కమిటీ అప్రూవల్ కావాలి, క్రిస్పర్‌తో జీన్ ఎడిటింగ్ లాంటిది చేస్తే బయోసేఫ్టీ కమిటీ కూడా ఒప్పుకోవాలి. ఎన్ని జంతువులు కావాలో లెక్కకట్టి అడగాలి, అదెలాగో కింద చెప్తా. ఇంకో మాట, సూర్యారావుపేటలోనో కొత్తపేటలోనో ఐవీఎఫ్ సెంటర్ ఉంది కదా, మిగిలిపోయిన మనుషుల పిండాలు అడిగితే ఇస్తారేమో అని ఒకరిద్దరు అడిగారు. ఆ ఆలోచన ఇక్కడే ఆపేయండి. ఐసీఎంఆర్, డీబీటీ కలిసి 2017లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం మనిషి పిండాన్ని 14 రోజులు దాటి గానీ, ప్రిమిటివ్ స్ట్రీక్, అంటే శరీర అమరిక మొదలయ్యే గీత, వచ్చాక గానీ డిష్‌లో పెంచకూడదు, ఎడిట్ చేసిన పిండంతో గర్భం తెప్పించడం అసలే కుదరదు, ఆ లోపు చేసే పనికి కూడా బోలెడు అనుమతులు. అది ఎం.ఎస్సీ ప్రాజెక్ట్ పని కాదు. ఆ సెంటర్లలో పనిచేసే ఎంబ్రియాలజిస్టులు పరిచయం ఉంటే మాత్రం వదలకండి, చెయ్యి ఎలా తిప్పాలో వాళ్ళంత బాగా ఎవరూ నేర్పరు.

ఇప్పుడు మైస్ సంగతి. సూపర్‌ఓవ్యులేషన్‌కి, అంటే ఒకేసారి ఎక్కువ గుడ్లు వచ్చేట్టు, పీఎంఎస్‌జీ హార్మోన్ 5 యూనిట్లు పొట్టలోకి ఇంజెక్షన్, 46 నుంచి 48 గంటల తర్వాత హెచ్‌సీజీ హార్మోన్ 5 యూనిట్లు, ఆ సాయంత్రమే మగదానితో జత, మర్నాడు పొద్దున్నే ప్లగ్, అంటే జత అయిందనడానికి గుర్తుగా ఆడదానిలో గట్టిపడే వీర్యపు ముద్ద, చూడటం. ప్లగ్ కనపడిన రోజు మధ్యాహ్నాన్ని అర రోజు వయసు అని లెక్కేస్తారు. మొదలుపెట్టే రోజు జాగ్రత్తగా ఎంచుకోండి, ఇది ఎవరూ చెప్పరు. సోమవారం పీఎంఎస్‌జీ ఇస్తే బ్లాస్టోసిస్ట్, అంటే లోపల నీళ్ళగది వచ్చిన పిండం, ఆదివారం వస్తుంది, ఆ రోజు లిఫ్ట్ పనిచేయదు, స్టోర్ తాళం వేసి ఉంటుంది, కాన్ఫోకల్ మైక్రోస్కోప్ ఇంచార్జ్ ఊరెళ్ళి ఉంటారు. అదే మంగళవారం ఇస్తే గురువారం హెచ్‌సీజీ, శుక్రవారం ప్లగ్, జైగోట్లు, అంటే ఇంకా ఒక్క కణంగా ఉన్న పిండాలు, తీసి డిష్‌లో పెట్టేయడం, శని ఆదివారాలు ఇంక్యుబేటర్ తలుపు ముట్టుకోకుండా వదిలేయడం, సోమవారం పొద్దున బ్లాస్టోసిస్ట్. పిండాలకీ అదే మంచిది, తలుపు తీసిన ప్రతిసారీ లోపల వేడీ గ్యాసూ పడిపోతాయి.

మన ఊళ్ళో మే నెలలో ఇంకో గొడవ ఉంది. యానిమల్ హౌస్‌లో ఏసీ ఒక రోజు ఆగిందంటే ఆడవాటికన్నా మగవాటికి ఎక్కువ దెబ్బ, వీర్యకణం తయారవడానికే మైస్‌లో 35 రోజులు పడుతుంది కాబట్టి ఆ వేడి ప్రభావం తర్వాత కొన్ని వారాలు ఫెర్టిలైజ్ అయిన గుడ్ల సంఖ్య తగ్గిపోవడంలో కనపడుతుంది. అప్పుడు మీడియా, అంటే పిండాన్ని పెంచే ద్రవం, పాడైందనీ హార్మోన్ పనిచేయలేదనీ వెతుక్కుంటూ కూర్చోకండి, యానిమల్ హౌస్ రిజిస్టర్‌లో టెంపరేచర్ చూడండి. వీలుంటే మొదటి ట్రయల్స్ నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి, మీడియా, నూనె కూడా ఆ నెలల్లోనే ఆర్డర్ చేసుకోండి, ఎర్రటి ఎండలో కొరియర్ వ్యాన్‌లో మగ్గిన నూనె సీసా చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల పెరాక్సైడ్లు చేరి ఉంటాయి, పిండాన్ని చంపేది అదే. వచ్చిన సీసాకి ఫాయిల్ చుట్టి చల్లగా, చీకట్లో పెట్టండి.

స్ట్రెయిన్ విషయం. కాలేజీల్లో దొరికేది ఎక్కువగా స్విస్ ఆల్బినో. స్విస్ రకం పిండాలు పాత తరహా మీడియాలో రెండు కణాల దగ్గరే ఆగిపోతాయి, దీన్నే టూ సెల్ బ్లాక్ అంటారు. మైస్ పిండం సొంత జీన్లు పెద్దఎత్తున పని మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే, మనిషిలో నాలుగు ఎనిమిది కణాల మధ్య, పశువుల్లో 8 నుంచి 16 కణాల దగ్గర. ఆ మలుపులో కొంచెం ఇబ్బంది వచ్చినా పిండం అక్కడే ఆగిపోతుంది. 1950ల్లో విటెన్ అనే శాస్త్రవేత్త ఎనిమిది కణాల పిండాన్ని డిష్‌లో బ్లాస్టోసిస్ట్ దాకా తెచ్చాడు గానీ జైగోట్ నుంచి తేవడం చాలాకాలం కుదరలేదు, 90ల్లో కేఎస్ఓఎం మీడియా వచ్చాక చాలా స్ట్రెయిన్లలో ఆ బ్లాక్ గొడవ తీరింది. కాబట్టి పాత ఎం16 మీడియా మిగిలింది కదా అని వాడకండి, అమైనో యాసిడ్లు కలిపిన కేఎస్ఓఎం కొనండి. రెండు స్ట్రెయిన్లు కలిపితే పుట్టిన ఎఫ్1 హైబ్రిడ్ ఆడ ఎలుకలు దొరికితే ఇంకా మంచిది, వాటి పిండాలు గట్టివి, చేతులు వణికే రోజుల్లో ఓర్చుకుంటాయి.

డిష్ ముందురోజు సాయంత్రమే పెట్టాలి. 35 ఎంఎం డిష్‌లో 20 నుంచి 50 మైక్రోలీటర్ల మీడియా చుక్కలు వేసి వెంటనే పైన ఎంబ్రియో టెస్టెడ్ మినరల్ ఆయిల్ పోసి, 37 డిగ్రీలు, 5 శాతం సీఓటూలో రాత్రంతా ఉంచాలి. చుక్కలన్నీ తాపీగా వేసి తర్వాత నూనె పోద్దాం అనుకుంటే ఏసీ గాలికి చుక్కలోంచి నీళ్ళు ఆవిరైపోతాయి, లోపల ఉప్పు చిక్కబడుతుంది, పిండం కుంచించుకుపోతుంది, ఇది కంటికి కనపడని తప్పు. ఏసీ గాలి తగలకుండా, నాలుగు చుక్కలు వేయగానే నూనె, మళ్ళీ నాలుగు. ఆక్సిజన్ 5 శాతానికి తగ్గించగల ఇంక్యుబేటర్ ఉంటే తప్పకుండా తగ్గించండి, బయట గాలిలో ఉండే 20 శాతం పిండానికి ఎక్కువ, ఓవిడక్ట్‌లో, అంటే తల్లి అండవాహికలో, అంత ఉండదు. సీఓటూ సిలిండర్ ఆటోనగర్‌లో వెల్డింగ్‌కి ఇచ్చేది తేకండి, మెడికల్ గ్రేడ్ అడిగి తీసుకోండి. యూపీఎస్ మీద ఇంక్యుబేటర్ ఒక్కటే పెట్టండి, ఫ్రిజ్జూ కంప్యూటరూ దానికే తగిలిస్తే కరెంట్ పోయిన గంటకి అన్నీ కలిసి ఆగుతాయి. ఇంకా కల్చర్ రూమ్‌లో సెంటు, శానిటైజర్, ఫినాయిల్, దసరా ఆయుధపూజకి అగరొత్తులు ఏవీ వద్దు, ఆ పొగలోని రసాయనాలు నూనెలో కరిగి పిండం దాకా వెళ్తాయి. దండం బయట వరండాలో పెట్టుకోవచ్చు, అమ్మవారు ఏమీ అనుకోరు.

పిండాలు తీయడం రాసినంత సులువు కాదు, చూసి నేర్చుకోవాల్సిందే. ప్లగ్ ఉన్న ఆడదాని ఓవిడక్ట్‌లో ఆంపుల్లా అనే భాగం ఉబ్బి కనపడుతుంది, ఎం2 అనే మీడియాలో పెట్టి సూదితో అక్కడ చీరితే గుడ్లన్నీ ముద్దగా బయటికొస్తాయి. ఆ ముద్దని హయలురోనిడేస్ ఎంజైమ్‌లో రెండు మూడు నిమిషాలే, గుడ్డు చుట్టూ ఉండే క్యుములస్ కణాలు విడిపోగానే తీసేసి నాలుగైదు ఎం2 చుక్కల్లో కడిగి కేఎస్ఓఎంలోకి. ఎం2లో హెపెస్ అనే బఫర్ ఉంటుంది కాబట్టి బయట గాలిలో కూడా పీహెచ్ నిలుస్తుంది, కేఎస్ఓఎం అలా కాదు, ఇంక్యుబేటర్ బయట ఎక్కువసేపు ఉంటే పీహెచ్ పెరిగిపోతుంది. పిపెట్ మొన పిండం కంటే కొంచెం పెద్దగా ఉంటే చాలు, మైస్ పిండం జోనా అనే పై పొరతో కలిపి సుమారు 100 మైక్రాన్లు. మైక్రోస్కోప్ స్టేజ్ వేడిగా పెట్టుకుని, లైట్ తగ్గించి, చూడాల్సింది గబగబా చూసేసి లోపల పెట్టేయాలి. మొదటిసారి చేసేవాళ్ళు జైగోట్‌తో కుస్తీ పట్టకుండా ఒకటిన్నర రోజు వయసులో ఓవిడక్ట్ ఫ్లష్ చేసి రెండు కణాల పిండాలు తీసుకుంటే హాయిగా ఉంటుంది, క్యుములస్ గొడవా ఉండదు, బ్లాక్ భయమూ తగ్గుతుంది. ఒక చుక్కలో పది నుంచి ఇరవై పిండాలు కలిపి పెంచండి, ఒంటరిగా పెడితే వెనకబడతాయి. ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపట్టాలంటే ఒకే చుక్కలో చిన్నచిన్న గుంటలుండే డిష్‌లు దొరుకుతాయి, మీడియా అందరికీ ఒకటే, స్థలం మాత్రం ఎవరిది వాళ్ళదే.

ఇక పరీక్ష. వైల్డ్‌టైప్, అంటే మ్యుటేషన్ లేని, జైగోట్లు పెట్టి నాలుగు రోజుల్లో ఎన్ని బ్లాస్టోసిస్ట్ అవుతున్నాయో చూడండి. ఐవీఎఫ్ ల్యాబ్ సామాన్లకి మౌస్ ఎంబ్రియో అస్సే అని చేసేది కూడా ఇదే, అక్కడ మామూలుగా పెట్టుకునే గీత 80 శాతం. మీకు వరసగా 80 దాటి వస్తున్నాయంటేనే మ్యుటెంట్ క్రాస్ మొదలుపెట్టండి. 50 వస్తోంది, పర్లేదు సర్దుకుందాం అన్నారంటే మీ మ్యుటెంట్ నాలుగోవంతు ఆ చచ్చిన సగంలో కలిసిపోతుంది, ఇక ఏ స్టాటిస్టిక్సూ దాన్ని బయటికి తీయలేదు. నూనె, మీడియా కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ చేయాలి. గైడ్ గారు ఖర్చు అంటారు, నిజమే, కానీ ఒక పాడు లాట్ మీద మూడు నెలలు తగలేస్తే అది ఇంకా ఖర్చు.

అసలు ప్రయోగానికి రెండు దారులు. ఒకటి, ఇందాక చెప్పిన హెటిరోజైగస్, అంటే ఒక్క కాపీ పాడైన, జంటల క్రాస్, ఇందులో అన్నదమ్ముల్లాంటి మామూలు పిండాలు అదే చుక్కలో పక్కనే పెరుగుతుంటాయి కాబట్టి కంట్రోల్ దానంతటదే వచ్చేస్తుంది, నా ఓటు దీనికే. రెండోది, మామూలు జైగోట్లలోకి డీఎన్ఏని కోసే క్యాస్9 ప్రొటీన్, ఎక్కడ కోయాలో చూపే గైడ్ ఆర్ఎన్ఏ ఎలక్ట్రోపొరేషన్‌తో, అంటే చిన్న కరెంట్ షాక్‌తో, పంపడం. లైన్ పెంచే పని లేదు, త్వరగా అయిపోతుంది, కానీ ఒకే పిండంలో కొన్ని కణాలు ఒకలా, కొన్ని ఇంకోలా కోతపడి మొజాయిక్ అవుతుంది, పైగా డీఎన్ఏ తెగడమే కణానికి దెబ్బ. అందుకని ఎలక్ట్రోపొరేషన్ చేయనివి ఒక గుంపు, ఏ జీన్‌నీ తాకని గైడ్ ఒక గుంపు, ఫరవాలేని చోట కోసే గైడ్ ఇంకో గుంపు పెట్టాలి. ఈ మూడోది చాలామంది ఎగ్గొడతారు, తీరా చూస్తే వాళ్ళ ఫలితం జీన్ పోవడం వల్లో కోత వల్లో తేలదు.

ఎన్ని పిండాలు కావాలి అన్న లెక్క. నాలుగోవంతు మ్యుటెంట్ అయితే పది పిండాలు చూసినా అందులో ఒక్కటీ మ్యుటెంట్ లేకపోయే అవకాశం 5.6 శాతం, పదహారు చూస్తే 1 శాతం. అది లేదు అని తేల్చడానికి. అదే మ్యుటెంట్లో కణాల సంఖ్య తగ్గిందా అని పోల్చాలంటే మ్యుటెంట్లే కనీసం పదీ పదిహేను కావాలి, అంటే మొత్తం అరవై దాకా పిండాలు. ఎథిక్స్ కమిటీ ఫారంలో జంతువుల సంఖ్య ఇక్కణ్ణుంచే వస్తుంది.

చూసేటప్పుడు ఏ పిండం ఏ జీనోటైపో, అంటే దానిలో ఏ కాపీలున్నాయో, తెలియకుండా స్కోర్ చేయాలి, ఇందులో మినహాయింపు లేదు. రెండున్నర రోజులకి ఎనిమిది కణాలు, అప్పుడే కంపాక్షన్, కణాల మధ్య గీతలు చెరిగిపోయి లడ్డూలా గుండ్రంగా అవుతుంది. మూడున్నర రోజులకి లోపల నీళ్ళగది, నాలుగున్నరకి జోనా పగిలి బయటికి. డిష్‌లో కొన్ని గంటలు ఆలస్యం మామూలే. ఏ మెట్టు మీద ఆగిందో రాసుకోండి. తర్వాత ఫిక్స్ చేసి న్యూక్లియస్‌కి పట్టే డాపి రంగుతో కణాలు లెక్కపెట్టి, ఓసీటీ4, సీడీఎక్స్2 యాంటీబాడీలతో లోపలి కణాలేవి, బయటి పొరేది విడదీసి చూస్తే అసలు కథ బయటపడుతుంది. ఉదాహరణకి టీఈఏడీ4 అనే జీన్ లేని పిండంలో నీళ్ళగదే రాదు. ఓసీటీ4 లేని మైస్ పిండం 1998లోనే చూశారు, బ్లాస్టోసిస్ట్ చక్కగా వస్తుంది, పైకి చూస్తే ఏ లోపం లేదు, కానీ లోపలున్న కణాలు బయటి పొర కణాల్లా మారిపోతాయి. స్టెయిన్ చేయకపోతే అంతా బాగుందని రాసేసేవాళ్ళు. అదే జీన్‌ని 2017లో లండన్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో కాథీ నియాకన్ బృందం లైసెన్సు తీసుకుని, దానంగా ఇచ్చిన మనిషి పిండాల్లో క్రిస్పర్‌తో తీసేస్తే అవి చాలావరకు బ్లాస్టోసిస్ట్ కూడా సరిగా కాలేకపోయాయి. ఒకే జీన్, మైస్‌లో ఒకలా మనిషిలో ఇంకోలా, కాబట్టి మీ మైస్ ఫలితం కింద మనుషుల్లో కూడా ఇంతే అని ఒక వాక్యం తగిలించే ముందు ఆగండి.

ఇంకో మాయ ఉంది. మ్యుటెంట్ పిండం మొదటి రోజుల్లో ఏమీ తేడా లేకుండా పెరుగుతుంటే ఆ జీన్‌కి అప్పుడు పని లేదని కాదు, తల్లి గుడ్డులో పెట్టి పంపిన ప్రొటీన్ మీద బండి నడుస్తోందేమో. కణాల్ని ఒకదానికొకటి అతికించే ఈ-క్యాడ్‌హెరిన్ ప్రొటీన్ లేని పిండం కంపాక్షన్ మొదలుపెడుతుంది, తల్లి ఇచ్చిన సరుకుతో, అది అయిపోయాక బయటి పొర కట్టలేక ఆగిపోతుంది. దీన్ని తేల్చాలంటే గుడ్డులోనే ఆ జీన్ తీసేసే జెడ్‌పీ3-క్రీ లైన్ వాడాలి, అది ఎం.ఎస్సీకి ఎక్కువే, పీహెచ్‌డీ చేసేవాళ్ళు మొదటి ఏడాదే ప్లాన్ చేసుకోండి.

జీనోటైపింగే మొత్తం పనిలో అన్నిటికన్నా మోసం చేసేది. ఒక్క బ్లాస్టోసిస్ట్‌లో ఉండేది అరవై, వంద కణాలు. జోనాకి ఒక్క క్యుములస్ కణం అంటుకుని ఉన్నా అది తల్లిది, తల్లి హెటిరోజైగస్, దాని మంచి కాపీ పీసీఆర్‌లో వచ్చేసి మీ మ్యుటెంట్ హెటిరోజైగస్ అయిపోతుంది. జోనాలో ఇరుక్కున్న వీర్యకణం కూడా ఇదే పని చేస్తుంది. అందుకని యాసిడ్ టైరోడ్స్ ద్రావణంలో జోనా కరిగించి, రెండు మూడు చుక్కల్లో కడిగి అప్పుడు ట్యూబ్‌లో వేయండి, ఆఖరి కడుగు చుక్కలోంచి ఒక మైక్రోలీటర్ వేరే ట్యూబ్‌లో వేసి దాన్నీ పీసీఆర్ చేయండి, అందులో బ్యాండ్ వస్తే ఆ రోజు రిజల్ట్ మొత్తం చెత్తబుట్టకే. దీనికి తలకిందులుగా ఇంకో తప్పు, చనిపోయిన పిండంలో డీఎన్ఏ ముక్కలై ఒక కాపీ అసలు పెరగదు, అప్పుడు హెటిరోజైగస్ కాస్తా మ్యుటెంట్‌లా కనపడుతుంది. చచ్చినవన్నీ మ్యుటెంటే అని మురిసిపోయే ముందు అదే ట్యూబ్‌లో వేరే జీన్‌లో హెటిరోజైగస్‌గా ఉండాల్సిన ఇంకో మార్కర్ కూడా చూడండి, అదీ ఒక్క కాపీయే చూపిస్తే అది డ్రాపవుట్. పది మైక్రోలీటర్ల ప్రొటీనేజ్ కే బఫర్‌లో 55 డిగ్రీల దగ్గర లైసిస్, తర్వాత 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు, ప్రైమర్లు 200 బేస్‌ల లోపు ముక్క వచ్చేట్టు, రెండు దఫాలుగా చేసే నెస్టెడ్ పీసీఆర్. చచ్చినవి, ఆగినవి, ముక్కలైనవి ఏదీ పారేయకండి, అన్నీ జీనోటైప్ చేయాల్సిందే, మీరు వెతికేది వాటిలోనే ఉంటుంది.

మైస్ కొనలేం, యానిమల్ హౌస్ లేదు అనేవాళ్ళకి చెయ్యి తిప్పడం నేర్చుకోవడానికి గేదె అండాశయాలు ఉన్నాయి. కబేళా నుంచి గోరువెచ్చని సెలైన్‌లో కొన్ని గంటల్లో తెచ్చి, 2 నుంచి 8 ఎంఎం ఫాలికిల్స్ నుంచి సూదితో గుడ్లు లాగి, సుమారు 24 గంటలు 38.5 డిగ్రీల దగ్గర మెచ్యూర్ చేసి ఐవీఎఫ్ చేస్తే ఏడెనిమిది రోజులకి బ్లాస్టోసిస్ట్ వస్తుంది. 37 కాదు 38.5, గేదె ఒంటి వేడి అది. కర్నాల్ ఎన్‌డీఆర్ఐ వాళ్ళు ఇలాగే 1990లో ప్రథమ్ అనే దూడని పుట్టించారు. గేదె పిండం కొవ్వుతో నల్లగా ఉంటుంది, లోపల ఏం జరుగుతోందో కనపడదు, మైస్ అంత బాగా రావు కూడా, అయినా గన్నవరం వెటర్నరీ కాలేజీ, గుంటూరు లాం ఫాం వైపు పశువుల మీద పనిచేసేవాళ్ళకి ఇది దగ్గరి దారి. పశువుల్లో మ్యుటేషన్ ప్రశ్నలకీ కొదవ లేదు. జెర్సీల్లో జేహెచ్1 అనేది ఉంది, సీడబ్ల్యూసీ15 అనే జీన్‌లో మధ్యలోనే ఆపేసే మ్యుటేషన్, రెండు కాపీలూ అదే వచ్చిన దూడ పుట్టనే పుట్టదు. దాన్ని కనిపెట్టింది కూడా డీఎన్ఏ లెక్కల్లో రెండు కాపీలున్న పశువు ఒక్కటీ లేకపోవడం చూసే. మన పల్లెల్లో జెర్సీ క్రాస్ ఆవు పదేపదే తిరగబెడితే, అంటే చూడి నిలవకపోతే, రైతు మేతనో డాక్టర్‌నో తిడతాడు, రెండు వైపులా ఇలాంటి మ్యుటేషన్ ఉందేమో అన్నది ఎవరికీ తట్టదు.

ఆఖరి మెట్టు రెస్క్యూ. మ్యుటెంట్ పిండాలు ఎనిమిది కణాల దగ్గర ఆగుతున్నాయని తేలాక, అదే క్రాస్ జైగోట్లలోకి ఆ జీన్ మంచి ఎంఆర్ఎన్ఏ ఇంజెక్ట్ చేయండి, ఇంకో గుంపుకి ప్రొటీన్ రాని ఎంఆర్ఎన్ఏ. మొదటి గుంపులోని మ్యుటెంట్లు ముందుకెళ్ళి రెండో గుంపులోవి ఆగితేనే ఆ జీన్ మీద నేరం రుజువైనట్టు. ఎంఆర్ఎన్ఏ డోసు ఎక్కువైతే మామూలు పిండాలు కూడా ఆగిపోతాయి కాబట్టి ముందు వైల్డ్‌టైప్‌లో డోసు తేల్చుకోండి, మళ్ళీ అదే 80 శాతం గీత.